సాంచా మాట

పోయిన ఆదివారం మా అన్న నర్సయ్య, ఇదే సూరత్‌లో డిండోలి నుంచి మా ఇంటికి వచ్చాడు. ఎప్పటిలాగే సంచినిండా నిమ్మకాయలు తెచ్చాడు. వద్దన్నా తెస్తాడు. వెంట ఆయన కూతురు కవిత ఉంది. బార్డోలీలో ఇచ్చాం దాన్ని. నెలకోసారి బస్సెక్కి వచ్చి తండ్రి వంటిల్లు సర్ది, ఆయన్ని నాలుగు తిట్టి పోతుంది. ఈసారి తిట్టడానికి ఓపిక చాలలేదో ఏమో, ఆ పని నాకు అప్పజెప్పింది. నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, కొంగులోంచి ఒక చిన్న నల్ల డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది. చెవి మిషను.

"అత్తమ్మా, నువ్వన్న చెప్పు. డాక్టర్ దగ్గరికి మూడుసార్లు తిప్పి తెచ్చిన. పప్పా పెట్టుకోనే పెట్టుకోడు, డబ్బీలనే ఉంటది. హవే శుం కరుఁ? బోల్‌కే థక్ గయీ నేను." సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి, గుజరాతీలో ఇప్పుడేం చెయ్యనని అడిగి, చెప్పీ చెప్పీ అలసిపోయానని హిందీలో ముగిస్తుంది. "నువ్వు కోపం చేస్తే ఇంటడు," అంది.

నిజమే, కోపం చెయ్యడం నాకు వచ్చిన విద్య. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెప్పాను. నా గొంతు వింటే మూడో గదిలో పిల్లలు కూడా పలకలు సర్దుకునేవాళ్లు. కానీ డబ్బీ పట్టుకుని ముందుగదిలోకి వస్తే, అన్న మా ఆయన ఎదురుగా కూర్చుని ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. డబ్బీ కొంగు చాటున పెట్టుకున్నాను. మిషను ఎందుకు పెట్టుకోవో చెప్పమని ఆయన్ని నిలదీసే హక్కు అందరికీ ఉందేమో గానీ నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మాస్కులు తీసిన ఆ వసంతం దగ్గరికి పోవాలి. అంతకన్నా ముందు మా అవ్వ దగ్గరికి పోవాలి.

అమ్మను మేము అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు అనేవాళ్లం. లింబాయత్‌లో మాది ఒకటే గది, ముందొక రేకుల వసారా. గోడకు అవతల సాంచాల ఖాతా. సాంచా అంటే మరమగ్గం. అవి నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. పగలూ రాత్రీ ఒకటే మోత. ఆ మోతలోనే పుట్టాం కాబట్టి అది మాకు మోతలా ఉండేది కాదు, కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం. మా బట్టలకూ, జుట్టుకూ, చివరికి జొన్నరొట్టెకూ మిషను నూనె వాసన ఉండేది. బాపు డ్యూటీ దిగి వస్తే కనుబొమ్మల నిండా దారప్పీచు. గడప మీద కూర్చుని ఒక్కొక్క పోగూ గిల్లి తీసుకుంటూ, ఎదురుగా చాయి గ్లాసు పెట్టేదాకా మాట్లాడేవాడు కాదు. శనివారం శనివారం అవ్వ ఆయన తల ఒళ్లో పెట్టుకుని చెవుల్లో గోరువెచ్చని కొబ్బరినూనె పోసేది. అదేదో భోగమనుకునేదాన్ని. నాకూ పొయ్యమని ఏడ్చేదాన్ని.

మధ్యాహ్నం బాపుకు సద్ది పట్టుకుని అవ్వ ఖాతాకు పోయేది. నేనూ అన్నా వెంటపడేవాళ్లం. లోపల నోరు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. పెదవులు నిదానంగా, విడివిడిగా కదుపుతారు, అంతే. గుమ్మంలో నిలబడి అవ్వ పెదవులు కదిపేది, ఎనిమిది సాంచాల అవతల నుంచి బాపు పెదవులతోనే జవాబు చెప్పేవాడు. కూర ఏందని అడిగేవాడు. కిరాయి మనిషి వచ్చి పోయాడని చెప్పేది. అంత హోరులో వాళ్లిద్దరూ గుసగుసలాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్లు. మా ఇంట్లో దానికి 'సాంచా మాట' అని పేరు. మాటలు పూర్తిగా రాకముందే అది మాకు వచ్చింది. చుట్టాల ముందు తిట్టుకోవాలన్నా, అవ్వ పూజలో ఉంటే డబ్బాలో బెల్లం ఎక్కడుందో చెప్పుకోవాలన్నా నాకూ అన్నకూ సాంచా మాటే. ఎనిమిదో తరగతి ఆపేసి అన్న ఖాతాలో చేరాక, నేను బడికి పోయే దారిలో ఆయన కిటికీ ఉండేది. రోడ్డు అవతల నుంచి చూసి, ఊచల మధ్య నుంచి పెదవులు కదిపేవాడు: 'రిబ్బన్ ఊడింది చూసుకో.'

ఇంకొక కట్టడి ఉండేది మా ఇంట్లో. బాపును వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే అవ్వ వీపు మీద ఒక్కటి వేసేది. "మొఖానికి ఎదురొచ్చి మాట్లాడు, సిగ్గులేదా?" అనేది. అది పెద్దల మీద గౌరవమనుకున్నాను. ఎంతగా అనుకున్నానంటే, టీచరునయ్యాక నా క్లాసు పిల్లలందరికీ నేర్పాను. పెద్దలను వెనక నుంచి పిలవరాదు, ఎదుటికి వచ్చి మాట్లాడాలి, అని బోర్డు మీద రాయించాను కూడా. సంస్కారమని పాఠం చెప్పాను గానీ, అది ఒక చెవిటి మనిషిని నలుగురిలో చెవిటివాడు కాకుండా కాపాడుకున్న ఒక ఆడదాని ఉపాయమని నాకు ఒక్కనాడూ తట్టలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

కరోనా వచ్చేనాటికి అవ్వా బాపూ లేరు. వదినె కూడా పోయి కొన్నేళ్లయింది. కవిత బార్డోలీలో. అన్న డిండోలి గదిలో ఒక్కడే. ఖాతాలు మూతపడి అందరూ సొంతూళ్ల బాట పడితే ఈయన కదల్లేదు. "ఊర్ల నాకెవలున్నరు? నా చెల్లె ఈడున్నది," అన్నాడట పక్కింటివాళ్లతో. ఆ మాట నాకు చాలా తర్వాత తెలిసింది. తెలిసి ఉంటే అప్పుడు అంత కోపం వచ్చేది కాదేమో.

రెండోసారి రోగం విరుచుకుపడినప్పుడు, ఎండలు ముదిరే రోజుల్లో, మా ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాం. మాకు పిల్లలు లేరు. లోపలికి రానివ్వరు. గేటు బయట వేపచెట్టు కింద నాలాంటి వాళ్లు పదిమంది, ఎవరి ఫోను మోగినా అందరం లేచి నిలబడేవాళ్లం. మూడో రోజు లోపలి నుంచి ఎవరో వచ్చి, ఊపిరి అందడం లేదు, దేవుడికి మొక్కుకో అమ్మా అని చెప్పి పోయారు. అన్నకు ఫోన్ చేశాను. ఏడుస్తూ అంతా చెప్పాను. "మీ బావ దక్కేటట్టు లేడు అన్నా, నాకు భయమైతున్నది, ఒక్కసారి గేటు కాడికి రా" అన్నాను. అటునుంచి నింపాదిగా, జాగ్రత్త చెబుతూ అన్న గొంతు: "ఆఁ... మంచిగనే ఉన్నం. మీరు పైలం. ఇగ పెట్టేస్తున్న."

పెట్టేశాడు.

దేవుడి దయ, మా ఆయన బతికి బయటపడ్డాడు. వానాకాలం మొదట్లో ఒకనాడు అన్న మా గేటు దాకా వచ్చి నిమ్మకాయల సంచి కమ్మీకి తగిలించాడు. నేను పైన బాల్కనీలో ఉన్నాను, మూతికి మాస్కు. ఆయన మూతికీ మాస్కే. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "ఇప్పుడు యాదికొచ్చిన్నా నీకు? నువ్వు రాకున్నా మీ బావ బతికిండు, పో!" అన్నాను. ఆయన తల ఎత్తి చూశాడు. చెయ్యి ఊపాడు. వెళ్లిపోయాడు. సంజాయిషీ లేదు, ఒక్క మాట లేదు. నిమ్మకాయలు పక్కింటికి ఇచ్చేశాను. నాకు అలక వస్తే ఊరికే పోదు, మా అవ్వ పోలిక. ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు. ఆయన చేసినా, మంచిగనే ఉన్నం, పైలం, పెట్టేస్తున్న, ఇవే మూడు ముక్కలు. అన్న అనేవాడు లేడనుకున్నాను. అనుకున్నానే గానీ, ఉన్న ఒక్క తోడబుట్టినవాణ్ని లేడనుకోవడం ఎంత కష్టమో రోజూ పొద్దున చాయి పెట్టుకునేటప్పుడు తెలిసేది.

మళ్లీ వసంతం వచ్చేసరికి ఊరు కొంచెం కొంచెం తలుపులు తీసింది. రాత్రి కర్ఫ్యూ ఎత్తేశారు. తోటల గేట్లు తెరిచారు. మాస్కు లేకపోయినా ఎవరూ ఆపి ఫైను రాయడం లేదన్నారు. రోడ్డు మీద మనుషుల మూతులు చూడటం వింతగా ఉండేది. వీడికి మీసాలొచ్చాయా, ఈమెకు పన్ను ఊడిందా అనుకుంటూ నడిచేదాన్ని. బస్సులు నిండుగా తిరగడం మొదలై, ఉగాదికి కవిత బార్డోలీ నుంచి దిగింది. చెరుకు గడలు, బెల్లం ముద్ద పట్టుకుని సరాసరి మా ఇంటికే వచ్చి, పండగ ఇక్కడే, పప్పాను కూడా రమ్మన్నాను అని చెప్పింది. పండగపూట వద్దనలేను కదా. మూతి ముడుచుకునే బక్షాలు, అంటే బొబ్బట్లు, చేశాను.

అన్న వచ్చాడు. మాస్కు లేదు. చిక్కాడు, గడ్డం నెరిసింది. కవితతో ముచ్చట్లు, మా ఆయనతో వేళాకోళం. "బావా, దవాఖాన్ల పడుకున్నవంట గద? బయటికొచ్చినంక తెలిసింది నాకు. బక్షాలకోసమే తిరిగొచ్చినవ్ నువ్వు!" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చినంక తెలిసిందట! నేను ఏడ్చి చెప్పినదంతా ఏ గంగలో కలిసిందో. ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో మాస్కు పెట్టుకున్నది నేనొక్కదాన్నే. మా ఆయన ఊపిరితిత్తులు ఇంకా కుదుటపడలేదు, ఆయనేమో పెట్టుకోనని మొండికేశాడు. అందుకని ఆయన వంతు కూడా నేనే పెట్టుకుని తిరిగేదాన్ని, వంటింట్లో కూడా. మాస్కులోంచే "ఇంకొకటి వడ్డించనా?" అని అన్నను పొడిగా అడిగాను. చూశాడు, పలకలేదు. "పచ్చడి చేదైందా?" అన్నాను. తల దించుకున్నాడు. అందరితో మాట్లాడతాడు, నాతో మాట్లాడడు. చేసిందంతా చేసి, పైగా నా మీదే అలకా అనుకున్నాను.

మర్నాడు డుమస్ పోదామంది కవిత. రెండేళ్లయింది సముద్రం చూసి. నలుగురం బస్సెక్కాం. బస్సులో కూడా అన్న నాకు రెండు సీట్ల అవతలే. డుమస్‌లో జనం తీర్థంలా ఉన్నారు. ఒంటెల మీద పిల్లలు, నల్లటి ఇసుక, గాలి. అబ్బ, ఏం గాలి! కొంగు ఆగదు, మాట ఆగదు. మా ఆయనా అన్నా దూరంగా గట్టు మీద కూర్చున్నారు. నేనూ కవితా టమాటా భజియాల బండి దగ్గర నిలబడ్డాం. వేడివేడివి పొట్లంలో పడ్డాయి. ఒకటి తిందామని మాస్కు గడ్డం కిందికి లాగాను. ఆ దిక్కు చూస్తే అన్న హాయిగా కాళ్లు ఊపుతూ కూర్చుని ఉన్నాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. గొంతు కూడా లేవలేదు, ఊరికే గొణిగాను. "మీ నాయనకు నేను బతికిన్నో సచ్చిన్నో పట్టనే పట్టదు."

కవిత, నా భుజం పక్కనే ఉన్నది, "క్యా? ఏమన్నవ్ అత్తమ్మా?" అంది. గాలికి దానికే వినపడలేదు.

గట్టు మీద అన్న కాళ్లు ఆగిపోయాయి. లేచి నిలబడ్డాడు. ఇసుకలో తడబడుతూ, ముప్పై నలభై అడుగుల దూరం గబగబా నడిచి నా ముందుకొచ్చాడు. ముఖం పాలిపోయింది.

"గట్లెందుకంటవ్ చెల్లె? సచ్చుడేంది? నేనేం జేసిన?"

నా చేతిలో పొట్లం అట్లాగే ఉంది. మాస్కు పైకి లాక్కుని, కావాలనే గట్టిగా అడిగాను. "అన్నా, నీకు ఇనబడ్తున్నదా?" మాస్కు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తెలుసు. పాఠం అర్థం కాని పిల్లవాడు టీచరు ముఖంలో జవాబు వెతుక్కునే చూపు. బాల్కనీ కింద గేటు దగ్గర ఆ కళ్లే నన్ను చూశాయి. మాస్కు పూర్తిగా తీసేశాను. గొంతు లేకుండా, ఉత్త పెదవులతో, అవ్వ గుమ్మంలో నిలబడి అడిగినట్టు అడిగాను. 'అన్నా, నీకు ఇనబడ్తలేదా?'

అన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన కూడా గొంతు తియ్యలేదు. 'ఇప్పుడు ఇనబడ్డది,' అన్నాడు.

పొట్లం కవిత చేతిలో పెట్టి అక్కడే ఇసుకలో కూలబడ్డాం ఇద్దరం. తర్వాత గొంతుతోనే చెప్పుకొచ్చాడు. "ముందుగాల మంచిగనే ఇనబడుతుండె చెల్లె. మనుషులు మూతులు మూసుకున్నంక నాకు లోకమే బందైంది. ఒక్క మాట రాలే. ఈ బీమారే నా చెవులు తిన్నదనుకున్న. చెప్తే దవాఖాన్ల పండవెడ్తరని భయం. గప్పుడు పోయినోళ్లు తిరిగొస్తలేకుండె కదా. ఇగో, మొన్నమొన్న అందరి మాట మళ్ల వస్తున్నది. చెవులు బాగైతున్నయనుకున్న. నీ మాట ఒక్కటే వస్తలే. నా మీద కోపంతోని నువ్వే లోపల లోపల మాట్లాడుతున్నవనుకున్న."

పిచ్చి మా అన్న! ఆయన చెవులు కరోనాకు పోలేదు. సాంచాలు వాటిని ఎప్పుడో తినేశాయి, బాపు చెవులను తిన్నట్టే. చెవి పోతున్న కొద్దీ కళ్లు ఆ పని చేసుకుంటూ వచ్చాయి, ఆయనకే తెలియకుండా. వదినె ఉన్నన్నాళ్లు ఫోన్లు ఆమె ఎత్తేది. ఆమె పోయాక ఫోనులో ఎవరేమన్నా ఈయన చెప్పే మూడు ముక్కలు సరిపోయేవి. ఫోన్ చేసినవాళ్లు ఇంకేమడుగుతారని ధైర్యం! తెలియకపోవడం ఆయన తప్పు కాదు. సాంచాల గోడ పక్కన పుట్టి, ఆ భాషలో బెల్లం దొంగతనం చేసి, చదువుకుని, పిల్లలకు సంస్కారం నేర్పిన నేను గుర్తుపట్టకపోయాను చూడండి, అదీ తప్పు.

అప్పుడు అన్న అడిగాడు. "పోయిన ఎండకాలం నువ్వొకసారి ఫోన్ చేసి మస్తుసేపు పెట్టలే. సప్పుడు తెలుస్తుండె, మాట తెల్వలే. గప్పటిసంది మనసుల గదే ఉన్నది. ఏమన్నవ్ చెల్లె గప్పుడు?"

ఏం లేదు, తిన్నవా అని అడిగిన అందామనుకున్నాను. నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఆయన నా పెదవుల వంకే చూస్తున్నాడు, చిన్నప్పుడు కిటికీ ఊచల్లోంచి చూసినట్టు. ఆ చూపుకు అబద్ధం ఆడలేకపోయాను. మా ఆయన గట్టు మీద నుంచి భజియాలేవని చేతులు ఊపుతున్నాడు. కవిత మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నేను గొంతు లేకుండా చెప్పాను. 'మీ బావ దక్కేటట్టు లేడు అన్నా. నాకు భయమైతున్నది. ఒక్కసారి గేటు కాడికి రా.'

అన్న నా దగ్గరికి ఇంకా జరిగాడు. తర్వాత అడిగాడు, 'నేనేమన్న?'

'మంచిగనే ఉన్నం, పైలం అన్నవ్.'

మా అన్న ఏడవడం అవ్వ పోయినప్పుడు చూశాను, వదినె పోయినప్పుడు చూశాను. అది మూడోసారి. నా రెండు చేతులూ పట్టుకుని తన ముఖానికి అద్దుకున్నాడు. నేనూ ఏడ్చాను. అంత జనంలో సిగ్గు కూడా వెయ్యలేదు. భజియాలు చల్లారి మెత్తబడ్డాయి. వాటినే తిన్నాం నలుగురం. అంత రుచిగల భజియాలు నేను మళ్లీ తినలేదు. తిరుగు బస్సులో అన్న నాకు ఎదురు సీటులో కూర్చున్నాడు. దారి పొడవునా ఆయనా నేనూ పెదవులు కదుపుతూనే ఉన్నాం. పక్కనున్న గుజరాతీ ముసలావిడ మమ్మల్ని మూగవాళ్లనుకుని జాలిపడి మా ఆయనకు రెండు చాక్లెట్లు ఇచ్చింది.

ఇప్పుడు మా లింబాయత్ సందులో ఆ ఖాతా లేదు, ఆ జాగాలో నాలుగంతస్తుల ఇల్లు లేచింది. రాత్రుళ్లు నిశ్శబ్దం. ఇప్పటి పిల్లలకు సాంచా మాట రాదు, రావాల్సిన అవసరమూ లేదు. వాళ్ల చెవులు చల్లగా ఉండాలి. అయితే ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఎవరి ముఖానికీ ఎదురొచ్చి మాట్లాడరు. ఒకరు వంటింట్లోంచి కేకేస్తారు, ఇంకొకరు ఫోనులోంచి తల ఎత్తకుండా ఊఁ కొడతారు. అన్ని చెవులూ పనిచేస్తూనే ఉన్నాయి, ఎవరికి ఏం వినిపిస్తోందో మరి.

ఆదివారం సంగతి పూర్తి చెయ్యాలి కదా. డబ్బీ అన్న ముందు పెట్టి, ఎందుకు పెట్టుకోవని నెమ్మదిగా అడిగాను. "పెట్టుకున్న చెల్లె. ఫ్యాను ఇనబడ్తది, గిన్నె ఇనబడ్తది, సడక్ మీది హారన్ ఇనబడ్తది. సప్పుడు మీద సప్పుడు వడి మళ్ల ఖాతాలకు పోయినట్టైతది నాకు," అన్నాడు. రోడ్డు మీదైనా పెట్టుకోమంటే సరేనని తల ఊపాడు. వంటింట్లోంచి కవిత కేకేసింది. "చెప్పినవా అత్తమ్మా?" నేను లేచి దాని ఎదుటికి పోయి చెప్పాను. "రోడ్డు దాటేటప్పుడు పెట్టుకుంటడు. ఒప్పుకున్నడు. ఇంట్ల మాత్రం నువ్వే జర ముందుకొచ్చి మాట్లాడు బిడ్డా." అది మూతి తిప్పుకుంది గానీ, పోయేటప్పుడు తండ్రి ముందుకొచ్చి, గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుని, "పోదమా పప్పా?" అని అడిగింది.

సాయంత్రం ఇల్లు చేరగానే అన్న వీడియో కాల్ చేశాడు. రోజూ చేస్తాడు. సౌండు పూర్తిగా తగ్గించేస్తాం ఇద్దరం. మా ఆయన పక్కన పేపరు చదువుకుంటూ ఉంటాడు, ఆయనకు ఇబ్బంది లేదు. ఫోనునిండా అన్న ముఖం. పెదవులు కదిలాయి. 'చేరిన. మంచిగనే ఉన్నం. మీరు పైలం.' అవే ముక్కలు, అదే వరస. అంతవరకు చెప్పి ఆగాడు. పెట్టేయలేదు. ముఖం ఫోనుకు ఇంకా దగ్గరగా తెచ్చి, కళ్లు చికిలించి నా పెదవుల వంక చూశాడు.

'ఇగ నువ్వు చెప్పు,' అన్నాడు.